కలిసి పెరిగితే తినవంటారు

"కలిసి పెరిగితే తినవండీ. చిన్నప్పట్నుంచీ ఒకే నీళ్ళలో ఉంటే అలవాటు పడిపోతాయి."

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక అక్వేరియం షాపులో విన్న మాట ఇది. అప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో రెండంగుళాల టైగర్ ఆస్కార్ చేపపిల్ల. నల్లటి ఒంటి మీద నారింజ రంగు చారలు, మనిషి ఎటు కదిలితే అటు తిరిగే కళ్ళు. రెండోదాంట్లో ఆరు విడో టెట్రాలు. ముందు సగం వెండి రంగు, వెనక సగం నల్ల పరికిణీ కట్టుకున్నట్టు ఉంటాయి. ఇంటికి తెచ్చి, సంచుల్ని అరగంట సేపు ట్యాంకులో తేలేసి, తర్వాత అన్నిటినీ ఒకే నీళ్ళలోకి వదిలాను.

ఏడింటినీ ఒకే సంచిలో ఎందుకు కట్టలేదో ఆ రోజు నాకు తట్టలేదు. గవర్నర్‌పేట నుంచి సత్యనారాయణపురం ఎంత దూరం? ఆ కాస్త ప్రయాణంలో కూడా వాటిని కలిపి ఉంచడం ఆ షాపతనికి ఇష్టం లేకపోయింది. నేను మాత్రం వాటి బతుకంతా కలిపి ఉంచడానికి సిద్ధపడ్డాను.

మా ఇంట్లో ట్యాంకుకి అసలు యజమాని మా అమ్మ. మధ్యాహ్నం భోజనం అయ్యాక కుర్చీ దాని ముందుకు లాక్కుని కూర్చుంటుంది. టీవీ కంటే అదే నయం అంటుంది. టెట్రాలు ఆరు కాబట్టి వాటికి 'కృత్తికలు' అని పేరు పెట్టింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి లెక్కపెట్టేది. శ్రావణంలో తెచ్చాం. కార్తీకం వచ్చేదాకా లెక్క తప్పలేదు. ఆ మూడు నెలల్లో ఎవరొచ్చి అడిగినా, షాపతను చెప్పిన మాటే నేనూ చెప్పాను. కలిసి పెరిగితే ఏమీ కాదండీ అని.

ఒకరోజు పొద్దున అమ్మ కేకేసింది. "ఒరే, ఐదే ఉన్నాయిరా."

ఫిల్టరు వెనక చూశాను. స్టాండు కింద టార్చి వేసి చూశాను, పైకి ఎగిరి పడిందేమోనని. ఎక్కడా లేదు. ఆస్కార్ ఆ పూట మేతకి రాలేదు, కింద గులకరాళ్ళ మీద బరువుగా ఆనుకుని ఉంది. జబ్బు చేసి టెట్రా చచ్చిపోయి ఉంటుంది, చచ్చినదాన్ని ఇది తిని ఉంటుంది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఇలా చేపలు పోగొట్టుకున్నవాళ్ళని తర్వాత ఎంతమందిని కదిపినా మొదటిసారి వాళ్ళూ ఇదే చెప్పుకున్నారు.

రెండోది నా కళ్ళ ముందే పోయింది. ఆదివారం సాయంత్రం. ఆస్కార్ నీళ్ళ మధ్యలో కదలకుండా నిలబడి ఉంది, పక్క రెక్కలు మాత్రం విసనకర్రల్లా మెల్లగా ఆడుతున్నాయి. ఒక టెట్రా ఫిల్టరు గొట్టం చాటు నుంచి జానెడు దూరం బయటికొచ్చింది. ఆస్కార్ దాని వైపు చూస్తున్నట్టు కూడా నాకు అనిపించలేదు. టక్కుమని చిన్న చప్పుడు, అద్దాన్ని గోటితో మీటినట్టు. టెట్రా లేదు. ఆస్కార్ దవడ రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడింది. మొప్పల సందులోంచి మూడో నాలుగో వెండి పొలుసులు బయటపడి, లైటు వెలుగులో మెరుస్తూ నెమ్మదిగా కిందికి దిగాయి.

ఆస్కార్ ఎరను కొరికి పట్టుకోదు, పీల్చేస్తుంది. నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది, బుగ్గల లోపలి చోటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు దూకుతాయి. నీళ్ళతో పాటు ఎదురుగా ఉన్నది కూడా లోపలికి పోతుంది. గొంతులో ఇంకో జత దవడలుంటాయి, నలిపే పని వాటిది. అందుకే మూసి ఉన్న నోరు చూసి 'ఇందులో ఇది పట్టదులే' అని లెక్క వేసుకున్నవాడు మోసపోతాడు. తెరిచిన నోరు ఎంతో మనకు కనపడేది రెప్పపాటు కాలమే.

ఆ వారమంతా నేను చేసిన తప్పు ఇప్పటికీ నన్ను తొలుస్తుంది. మధ్యలో అడ్డంగా పెట్టడానికి అద్దం పలక కోయించి తెస్తాను, వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆఫీసులో నెలాఖరు పని. ఆదివారం వచ్చేసరికి టెట్రా ఒక్కటే మిగిలింది.

కైకలూరు దగ్గర మా బావ కొరమీను పెంచుతాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోయింది చేపల గురించి కాదు, నేను ఆ మాట నమ్మినందుకు.

"బావా, కొరమీను పిల్లలు ఒక్క తల్లి కడుపున పుట్టినయ్యే, ఒక్క తొట్టిలో పెరిగినయ్యే. గ్రేడింగ్ చెయ్యకుండా పది రోజులు వదిలేసి చూడు. తోడబుట్టినదాన్నే మింగుద్ది. పక్కింటిదాన్ని వదులుద్దా?"

గ్రేడింగ్ అంటే పిల్లల్ని సైజు వారీగా వేరుచేయడం. ఒకే రోజు పుట్టిన పిల్లల్లో కూడా కొన్ని దూసుకుపోతాయి, కొన్ని వెనకబడతాయి. ఆ తేడా కాస్త పెరిగిందంటే చాలు, పెద్దవి చిన్నవాటిని మింగడం మొదలుపెడతాయి. పండుగప్ప పిల్లల్ని పెంచేవాళ్ళకీ ఇదే తంటా. తన పొడవులో సగానికి పైగా ఉన్న తోబుట్టువుని కూడా పండుగప్ప పిల్ల మింగేయగలదు. అందుకే నర్సరీలో అన్నిటికంటే ముఖ్యమైన పని మేత వేయడం కాదు, వేరుచేయడం అంటాడు బావ. పల్లెటూళ్ళలో చెరువు గట్టున తిరిగినవాళ్ళు కొరమీను పిల్లల గుంపుని చూసే ఉంటారు. నీళ్ళ పైన ఎర్రటి ముద్దలా గిరగిర తిరుగుతుంటాయి, అడుగున పెద్దవి కాపలా కాస్తుంటాయి. ఎవరైనా చెయ్యి పెడితే మీదికి ఉరుకుతాయి. అంత ప్రేమగా పెరిగిన పిల్లలే, తొట్టిలో సైజు తేడా రాగానే ఒకదాన్ని ఒకటి తింటాయి.

'కలిసి పెరగడం' అనే మాట మన చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళ మధ్య ఉండే బంధం మనకు తెలుసు కాబట్టి, ఆ మాట చేపలకి తగిలించగానే నమ్మేస్తాం. పైగా మూడు నెలల పాటు అది నిజమే అనిపిస్తుంది. ఆస్కార్ పిల్ల మొదట్లో నెలకి దాదాపు ఒక అంగుళం పెరుగుతుంది. విడో టెట్రా రెండంగుళాలు దాటి పెద్దగా పెరగదు. రెండూ ఒకే సైజులో ఉన్నన్నాళ్ళూ ఏమీ జరగదు. ఐదంగుళాలు దాటిన రోజున ఆస్కార్ స్వభావం మారిపోలేదు, దాని నోరు పెద్దదైందంతే. నా ట్యాంకులో అవి కలిసి పెరగలేదు. ఒక్కటే పెరిగింది.

ఇదే కథ ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో వేరే వేరే చేపలతో జరుగుతోంది. రూపాయి బిళ్ళంత ఏంజెల్ పిల్లల్ని నియాన్ టెట్రాలతో కలిపి కొంటారు. ఆరు నెలలకి ఏంజెల్ అరచేయంత అవుతుంది, అగ్గిపుల్లంత నియాన్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ అయితే రాత్రిపూట వేటాడుతుంది. లైటు తీసేటప్పుడు అన్నీ ఉంటాయి, తెల్లారేసరికి ఒకటి తక్కువ.

ఇంకో మాట కూడా వినపడుతుంది. కడుపు నింపి పెడితే వేరేవాటి జోలికి పోదని. నేను అదీ ప్రయత్నించాను, మొదటి టెట్రా పోయాక. రోజుకి రెండుసార్లు వేసే గింజల మేతని నాలుగుసార్లు వేశాను. వేట చేప ఆకలి కోసం ఎదురుచూడదు. దొరికినప్పుడు తినడమే దాని పద్ధతి, ఎందుకంటే నదిలో రేపు దొరుకుతుందన్న భరోసా లేదు. నా ప్రయత్నం వల్ల జరిగిందల్లా మిగిలిన మేత కుళ్ళి నీళ్ళు తెల్లగా మారడం.

స్నేహితులతో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటుంది. "పెద్ద చేప చిన్న చేపను తినడం ప్రకృతి ధర్మం. దానికి నువ్వు బాధపడితే ఎలా?"

దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ మాటలో సగం నిజముంది. ఆస్కార్‌ని దోషిగా చూడటం నాకూ ఇష్టం లేదు. కానీ ప్రకృతి అంటే ఏమిటో ఒకసారి ప్రకాశం బ్యారేజీ కింద నిలబడి చూడండి. వానాకాలం నీళ్ళు తగ్గాక ఇసుక మేటల పక్కన మడుగుల్లో పరిగెల గుంపులు తిరుగుతుంటాయి. వాలుగ వచ్చి దూకుతుంది. గుంపు చెదిరిపోతుంది. కొన్ని గుర్రపుడెక్క వేళ్ళలోకి దూరతాయి, కొన్ని వాలుగ ఈదలేనంత లోతు తక్కువ నీళ్ళలోకి పారిపోతాయి. చాలాసార్లు వాలుగ ఉత్త నోటితోనే వెనక్కి పోతుంది. తినేదానికి తినే హక్కు ఎంత సహజమో, పారిపోయేదానికి పారిపోయే దారి అంతే సహజం. రెండడుగుల ట్యాంకులో ఆ రెండోదాన్ని తీసేసి మొదటిదాన్ని మాత్రం ఉంచి, దానికి ప్రకృతి అని పేరు పెట్టుకుంటున్నాం.

ఇక్కడ నేను చదివి చాలా కదిలిపోయిన విషయం ఒకటి చెప్పాలి. తేనెటీగల నాట్యం మీద చేసిన పనికి 1973లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు ముప్పై ఐదేళ్ళ ముందు, 1938లో, చిన్న చేపల గురించి ఒక సంగతి గమనించాడు. గాయపడిన ఒక చేపను తిరిగి గుంపులోకి వదిలితే మిగతావన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. చర్మం చిట్లినప్పుడు అందులోంచి ఒక రసాయనం నీళ్ళలో కలుస్తుంది. దాని వాసన తగలగానే సాటి చేపలకు ప్రమాదం వచ్చిందని తెలిసిపోతుంది. పరిగెలు, జెల్లలు, బొచ్చె, గోల్డ్‌ఫిష్‌లకే కాదు, టెట్రాలకూ ఈ ఏర్పాటు ఉంది. మా ఇంట్లో ఉన్న విడో టెట్రాలకూ ఉంది.

నదిలో ఆ వాసన ప్రవాహంతో కొట్టుకుపోతుంది. చేపలు కూడా ఆ చోటు వదిలి పోతాయి. మా ట్యాంకులో నీళ్ళు 56 లీటర్లు. ఆ వాసన ఎక్కడికి పోతుంది? ఫిల్టరు అవే నీళ్ళని లాగి, మళ్ళీ ఆ చేపల నెత్తినే పోస్తుంది. పారిపొమ్మని ఒంట్లో ప్రతి నరమూ చెబుతుంటే, ఎటు తిరిగినా అద్దం.

ఇది చదవకముందే మా అమ్మ కనిపెట్టింది. రెండోది పోయిన మర్నాడు నాతో అంది, "ఇవి మేతకి రావడం లేదురా. ఆ గొట్టం వెనకే నక్కి ఉంటున్నాయి. బతికున్నా బతికినట్టు లేవు." వెళ్ళి చూస్తే నాలుగూ ఒకదానికొకటి అతుక్కుని, తలలన్నీ ఆస్కార్ వైపే పెట్టి ఉన్నాయి. వాటి నల్ల రంగు వెలిసి బూడిద రంగుకి వచ్చింది. మేత వాటి ముందు నుంచే కిందికి జారిపోతున్నా ఒక్కటీ కదల్లేదు. చావు రెప్పపాటులో అయిపోతుంది, ఒప్పుకుంటాను. ఆ చావు కోసం రోజుల తరబడి ఎదురుచూడటం నదిలో ఏ పరిగెకీ రాదు. నా అభ్యంతరమంతా దాని మీదే.

"నువ్వు ఆదివారం చేపల పులుసు తినవా?" అని కూడా అడిగారు. తింటాను. రూప్‌చందే తింటాను, ఎక్కువగా దొరికేది అదే. తినడానికి చంపడం తప్పా ఒప్పా అన్నది వేరే ప్రశ్న, దాని మీద మనుషులు వేల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. పులుసు కోసం కొన్న చేపని నేను ఇంటికి తెచ్చి, పేరు పెట్టి, దాని బాధ్యత నాదని చెప్పుకుని, తర్వాత నిర్లక్ష్యంగా వదిలేయలేదు. పెంచుతానని తెచ్చుకున్నదాని విషయంలో నియమం వేరుగా ఉండాలి.

మన పెద్దలు మత్స్యన్యాయం అనే మాట వాడారు. బలం ఉన్నది బలం లేనిదాన్ని మింగే స్థితి. ఆ మాటని ఇప్పుడు 'లోకం తీరే అంత' అనే అర్థంలో వాడేస్తున్నాం గానీ, రాజనీతిలో అది వచ్చింది సరిగ్గా వ్యతిరేకంగా. రాజు లేని చోట, ఉన్నా దండం పట్టని చోట ఏర్పడే దుస్థితికి పెట్టిన పేరది. అది రాకుండా చూడటమే రాజు పని. ట్యాంకులో నీళ్ళు పోసిందీ, ఏ చేప ఎక్కడ ఉండాలో తేల్చిందీ నేనైనప్పుడు, అక్కడ మత్స్యన్యాయం నడిచిందంటే తప్పు ఆస్కార్‌ది ఎలా అవుతుంది?

పొరపాటున జరిగేది ఒకటైతే, కావాలని చేసేది ఇంకొకటి. ఆరోవానా అనే వేట చేప ఉన్న ట్యాంకులో కప్పల్నీ, చిట్టెలుకల్నీ వదిలి ఫోన్లో వీడియో తీసేవాళ్ళని చూశాను. స్నేహితులు చుట్టూ చేరి కేకలు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. మనిషి కాని ప్రతి ప్రాణినీ అది జంతువు అనే అంటుంది, చేప కూడా అందులోకే వస్తుంది. అందులో 11వ సెక్షన్, కేవలం వినోదం కోసం ఒక ప్రాణిని ఇంకో ప్రాణికి ఎరయ్యేలా బంధించి ఉంచడాన్ని నేరంగా చెబుతుంది. చేపకి మేత వేయడం వేరు, చూసి ఆనందించడం కోసమే వేయడం వేరు. ఆ గీత చట్టానికి తెలుసు, మనకూ తెలియాలి.

బతికున్న చేపల్నే మేతగా వేస్తేనే వేట చేప బలంగా ఉంటుందని నమ్మేవాళ్ళూ ఎక్కువే. ఇది పెంచే చేపకే చెరుపు. గోల్డ్‌ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైము ఉంటుంది. అవే మేతగా పెడుతూ పోతే తినే చేపకి ఆ విటమిన్ లోపిస్తుంది. మేత కోసం అమ్మే గోల్డ్‌ఫిష్‌లని ఇరుకు తొట్లలో కుక్కి ఉంచుతారు. వాటితో పాటు తెల్లమచ్చల జబ్బు వస్తుంది, చేప పేను వస్తుంది. చేప పేను అంటే ఏమిటో మన జిల్లాల చెరువుల రైతులకి నేను చెప్పక్కర్లేదు. అసలు నదిలో ఉండే ఆస్కార్ తినేది చేపల్నే కాదు. పురుగులు, రొయ్యలు, నత్తలు, నీళ్ళలో రాలిన పళ్ళు కూడా తింటుంది. రొయ్యకి కొదవ లేని ఊళ్ళో ఉండి, బతికున్న చేప కోసం షాపుకి పరుగెత్తాల్సిన పనేముంది?

ఇంకో ప్రమాదం నేను కళ్ళారా చూశాను. మా ఆఫీసులో ఒకతనిది కృష్ణలంక. వాళ్ళింట్లో ఎనిమిదంగుళాల ఆస్కార్ ఉండేది. కాలవలో గాలానికి పడ్డ చిన్న జెల్లని తెచ్చి దాని ముందు వదిలాడు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఎలా సలుపుతుందో నది పక్కన పెరిగినవాళ్ళకి తెలుసు. అది బెదిరితే వీపు మీద ముల్లు, పక్కల రెండు ముళ్ళు నిటారుగా లేపి బిగిస్తుంది. ఆ ముళ్ళకి రంపపు పళ్ళు ఉంటాయి, మళ్ళీ వంగవు. ఆస్కార్ సగం మింగింది. లోపలికి పోదు, బయటికి రాదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే వెళ్ళాను. ఆస్కార్ నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, లోపలి నుంచి జెల్ల తోక బయటికి వేలాడుతూ ఇంకా ఆడుతోంది. ఒక పక్క మొప్ప కింద ముల్లు మొన చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. తడిగుడ్డలో పట్టుకుని పటకారుతో ముల్లు విరవడానికి ప్రయత్నించాం, అందలేదు. ఆ రాత్రి ఆ వేళకి ఊళ్ళో చేపకి వైద్యం చేసేవాళ్ళని ఎక్కడ వెతకాలో మాకు తెలియలేదు. తెల్లవారేసరికి రెండూ పోయాయి. ఆరేళ్ళు పెంచిన చేప. ఆ మనిషి ట్యాంకు ముందు నేల మీద కూర్చుని ఏడ్చాడు. తినేదానికీ తినబడేదానికీ ఇద్దరికీ కీడు చేసే పని అది. కోరీలు, ప్లెకోలు లాంటి ముళ్ళ చేపల్ని పెద్ద నోరున్న చేపలతో కలిపేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

షాపుల్లో చేప పక్కన ధర రాస్తారు, అది ఎంత పెరుగుతుందో రాయరు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. మూడంగుళాల రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ చూడముచ్చటగా ఉంటుంది, మీసాలతో. అది మీటరు దాటి పెరిగే చేప. 'షార్క్' అని అమ్మే వెండి రంగు పిల్ల నిజానికి మన చెరువుల్లో టన్నులకు టన్నులు పెంచే ఫంగస్ చేపే. 'పిరానా' అని భయపెట్టి అమ్మేది చాలాసార్లు రూప్‌చంద్. వీటిని కొన్నవాడు ఏడాది తిరిగేసరికి ఏం చేయాలో తెలియక, బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో వదిలి చేతులు దులుపుకుంటాడు. చంపలేదు కదా అనే తృప్తి ఒకటి. నాచు తింటుందని మనం ముద్దుగా తెచ్చుకునే సక్కర్ చేప ఇప్పుడు కృష్ణలోనూ చెరువుల్లోనూ దెయ్యం చేపగా మారి జాలర్ల వలలు చింపుతోంది. ఎలిగేటర్ గార్ అనే అమెరికా చేప 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో దొరికింది. అది అక్కడికి ఈదుకుంటూ వెళ్ళలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్ళు వచ్చాయి. మనుషులు డాబా మీద ఉన్నారు. నీళ్ళు తీశాక చూస్తే ట్యాంకు నిండా బురద, చేపలు లేవు. ఆ ఇంట్లో రెండు ఆస్కార్లు ఉండేవి. బుడమేరు నీళ్ళు చేరేది కొల్లేరుకి. ఆ రెండింటి గురించి నాకు ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది, కొల్లేరు గురించి ఇంకా ఎక్కువ.

ఇంతా చెప్పి వేట చేపల్ని పెంచొద్దని నేను అనను. మా ఆస్కార్ అంటే నాకు ప్రాణం. ఇప్పుడు పదకొండు అంగుళాలు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అద్దం దగ్గరికి వచ్చి తల పైకెత్తి నిలబడుతుంది. నీళ్ళు మార్చిన రోజు అలిగి పక్కకి ఒరిగి పడుకుంటుంది, మొదటిసారి చచ్చిపోయిందేమోనని భయపడ్డాం. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు, ఇంకా పైన బతికే చేప. దానికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు చేయించాను. 250 లీటర్ల నీళ్ళు. అందులో అది ఒక్కటే ఉంటుంది. ఒంటరిగా ఉంటే దిగులు పడదా అని వచ్చినవాళ్ళు అడుగుతారు. ఆస్కార్ టెట్రాలా గుంపు చేప కాదు. దానికి తోడు కావాలని అనిపించేది మనకి.

తోడు పెట్టి తీరాలంటే దారి ఉంది, ఖరీదైన దారి. ఆరడుగుల ట్యాంకు ఉండాలి. సిల్వర్ డాలర్ లాంటి పళ్ళెం ఆకారపు చేపల్ని ముందు వేరే ట్యాంకులో పెంచి, అరచేయంత అయ్యాక, ఆస్కార్ చిన్నగా ఉన్నప్పుడే కలపాలి. ఈరోజు ఎంత ఉందో చూడకుండా, పూర్తిగా ఎదిగాక నోట్లో పడుతుందా లేదా అన్న లెక్క వేయాలి. మధ్యలో పెట్టే అద్దం పలక చేపలు కొనకముందే ఇంట్లో ఉండాలి. ఇంత చేసినా గొడవ పడితే వేరుచేయడానికి రెండో ట్యాంకు సిద్ధంగా ఉండాలి. ఇదంతా చేయలేనివాళ్ళు, అంటే మనలో చాలామంది, ఒక్క చేపతో సరిపెట్టుకోవడమే మంచిది.

నాలుగోది, ఐదోది పోయిన ఆ ఆదివారం అమ్మ నన్ను తిట్టలేదు. సత్యవ్రతుడి కథ చెప్పింది. నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి ఒక చిన్న చేప వచ్చింది. నదిలోకి వదలబోతే, నన్ను వదలకు, పెద్ద చేపలు తినేస్తాయి అని వేడుకుంది. ఆయన దాన్ని కమండలంలో పెట్టుకున్నాడు. రాత్రికి రాత్రే కమండలం చాలలేదు. ఇంకా పెద్ద పాత్ర, ఆపైన కొలను, సరస్సు, చివరికి సముద్రం. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్న కథే. మత్స్యావతారం అనగానే ప్రళయం, ఓడ, వేదాలే గుర్తొచ్చేవి. ఆ రోజు మాత్రం మొదటి భాగమే చెవిలో నిలిచిపోయింది. దోసిట్లోకి వచ్చినదాన్ని పెద్ద చేపల పాలు చేయలేదు ఆయన. అది పెరిగిన ప్రతిసారీ, ఇప్పుడేం చెయ్యను అనకుండా ఇంకా పెద్ద చోటు వెతికాడు.

ఆ తర్వాత నేను మళ్ళీ ఆ షాపుకి వెళ్ళాను. గొడవకి కాదు. ఆస్కార్ తొట్టి మీద 'అడుగు దాకా పెరుగుతుంది, చిన్న చేపల్ని తింటుంది' అని ఒక్క చీటీ అతికించమని అడిగాను. "అట్లా రాస్తే ఎవరు కొంటారు సార్?" అన్నాడు. నేను కొనేవాణ్ణి అని చెప్పాను. ఆస్కార్‌ని ఒక్కదాన్నే, ఆ రోజే నాలుగడుగుల ట్యాంకుతో సహా. అతను ఏమీ అనలేదు, చీటీ కూడా పెట్టలేదు. ఊళ్ళో చేపలు కొనేవాళ్ళు నలుగురూ అడగడం మొదలుపెడితే పెడతాడని నా నమ్మకం.

మిగిలిన ఆ ఒక్క టెట్రాని పాత రెండడుగుల ట్యాంకులోనే ఉంచి, ఆస్కార్‌ని వేరే చోటికి మార్చాం. నీళ్ళు సగం సగం చొప్పున మూడుసార్లు మార్చాను. అయినా అది గొట్టం వెనక నుంచి రాలేదు. మేత ఆ మూలకే వేసేవాళ్ళం. గుంపు చేపని ఒంటరిగా ఉంచకూడదని ఇంకో ఐదు తెచ్చాను. కొత్తవి ట్యాంకంతా తిరుగుతుంటే అది అక్కడి నుంచే చూసేది. తొమ్మిదో రోజో పదో రోజో, అమ్మ మేత వేస్తుంటే వాటితో పాటు పైకి వచ్చింది. ఒక గింజ నోట కరుచుకుని మళ్ళీ వెనక్కి పోయింది. దాని నల్ల రంగు తిరిగి రావడానికి నెల పట్టింది.

ఇప్పటికీ అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి ముందు ఆ ట్యాంకు దగ్గరే ఆగుతుంది. నేను లోపలి గదిలో షర్టు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాను, అడగను. తనే చెబుతుంది.

"ఆరూ ఉన్నాయిరా."